మేకపాల గుర్రం

మార్కాపురం, 9 జులై 1933

తల్లిని ఇచ్చేసినావు. ఆరు నెలల పిల్ల ఇంకా పొదుగు కింద ఉండగానే మా నాయన గుర్రాన్ని ఒక గాజుల సెట్టి చేతిలో పెట్టి పంపినావు. ఈ సంగతి నువ్వు నాకు రాయించలేదు. కొమరోలు నుంచి పలకలు ఎత్తడానికి వచ్చిన బండివాడు చెప్పినాడు. "మీ గుర్రం కంభం సంతలో గాజుల మలారం మోస్తా ఉండాది అబ్బీ, నా కండ్లతో చూసినా" అన్నాడు. చేతిలో ఉలి ఉంది, ముందర రాయి ఉంది, ఆ పూట మాత్రం నేను ఒక్క పలక చీల్చలేదు.

మామా, మా నాయన పిచ్చయ్య పోతూ మిగిల్చినవి రెండే. ఒకటి ఆ గుర్రం. రెండోది దాని కడుపులో ఉన్న పిల్ల. అది ఈనిన నెలకు నేను ఈ పలకల గనికి వచ్చినాను. సరదాకు రాలేదు, వాన లేక వచ్చినాను. వచ్చేటప్పుడు రెండింటినీ నీ దొడ్లో కట్టినాను. నువ్వు పోయిన మా అమ్మకు తోడబుట్టినవాడివని కట్టినాను. పదకొండేళ్ళు కంభంలో తాసీల్దార్ల గుర్రాలకు సాయిసుగా చేసినవాడివని కట్టినాను. పరాయివాడి దొడ్లో కట్టి ఉంటే ఈపాటికి తల్లీ పిల్లా ఒక్కచోట ఉండేవి.

ఇది నేనే రాస్తున్నాను, ఎవరిచేతా రాయించలేదు. పనికిరావని పారేసిన పలక ముక్కల మీద అక్షరాలు దిద్దుకున్నాను. ఊళ్ళ మీది పిల్లలందరికీ పలకలు చీల్చి పంపే మాలో ఒక్కడికీ చదువు లేదు, ఆ రోషానికి నేర్చుకున్నాను. గుణింతాలు తప్పయితే కానీ. నా కోపం తప్పు కాదు.

పిల్ల బతికి ఉందా? అది రాయించు ముందు.

నీ అక్క కొడుకు,
అంకయ్య


కొమరోలు దగ్గర, 21 జులై 1933

అంకయ్యకు మామ మాలకొండయ్య రాయించడమేమంటే, పిల్ల ఉంది. అందరికన్నా అదే బాగుంది.

రాస్తున్నది మిషను బడి అయ్యవారు నిత్యానందంగారు. నీ జాబు చదివింది కూడా ఆయనే. కొన్ని మాటలు మింగి చదివినాడని నాకు తెలిసింది.

తల్లికి పొదుగు రాయి అయ్యింది. ఏ ఆకు కట్టినా మెత్తబడలేదు. పాలు ఇగిరిపోయినాయి. పిల్ల మూతి పెడితే నొప్పికి తన్నేది. మూడు నాళ్ళు పిల్ల పస్తు. గాజుల సెట్టి దగ్గర ఈనిన మేకలు రెండు ఉన్నాయి. గుర్రాన్ని తీసుకో, మేకలు ఇచ్చిపో అన్నాను. తల్లిని ఇచ్చి పాలు తెచ్చినాను. అది తప్పయితే తప్పే.

ఇప్పుడు మీ అత్త పుల్లమ్మ మేకను అరుగు మీద నిలబెడుతుంది, పిల్లను కింద నిలబెడుతుంది. అది మెడ ఎత్తి తాగుతుంది. "ఇదేం గుర్రమయ్యా, దీని మొగం చూడు, అచ్చం మేక మొగం" అని మీ అత్త ఊరంతా చెప్తుంది. చెప్పి చెప్పి ఊరు దానికి మేకోడు అని పేరు పెట్టింది.

ఇంకా ఉంది కానీ అయ్యవారు కార్డు అయిపోయింది అంటున్నాడు.

మామ


మార్కాపురం, 2 సెప్టెంబరు 1933

మామకు,

నువ్వు చేసింది తప్పు అనను. చెప్పకుండా చేసింది తప్పు అంటాను. "పొదుగు రాయి అయ్యింది, ఏమి చేయమంటావు" అని ఒక్క కార్డు వేసి ఉంటే నేను కూడా మేకలే తెమ్మనేవాణ్ణి. అప్పుడు అది నా మాట అయ్యేది. నువ్వు నన్ను అడగవు. నేను గనిలో ఉన్నవాణ్ణి కదా, గుంతలో ఉన్నవాణ్ణి పైనున్నవాళ్ళు ఏమి అడుగుతారు!

నీ కార్డు నా జేబులో చూసి పక్కన రాయి కొట్టే సుబ్బులు అడిగింది. చదివి వినిపించినాను. అదే నా తప్పు. ఇప్పుడు గనిలో ఎవరు నన్ను పిలిచినా "మేకపాల గుర్రమోడా" అనే. "రేపు దాన్ని ఎక్కితే పరిగెత్తుతాదా, చెట్టెక్కి ఆకు తింటాదా?" అని సుబ్బులు. మేస్త్రీ గురవయ్య నవ్వడు, ఆయన కూడా మొన్న నవ్వినాడు. నవ్వుకోనీ. మూడేళ్ళ తర్వాత దాని మీద కూర్చొని ఈ గని గట్టు మీద నిలబడతాను. అప్పుడు పైకి చూసి నవ్వమను.

పని సంగతి ఏముంది. గుంతలో నీళ్ళు ఊరితే తోడుతాము, నీళ్ళు పోతే రాయి చీలుస్తాము. రాయి బాగా చీలిన రోజు కూడా సాయంత్రానికి దుమ్మే ఉమ్ముతాము.

నెలకు ఒక్క కార్డు రాయించు. పిల్ల ఎంత ఎత్తు వచ్చిందో తాడుతో కొలిచి రాయించు. అత్తకు చెప్పు, దాని మొగం మా నాయన గుర్రం మొగం.

అంకయ్య


కొమరోలు దగ్గర, 14 ఫిబ్రవరి 1934

అంకయ్యకు,

నెలకు ఒక కార్డు అన్నావు. అయిదు నెలలకు ఒకటి రాయిస్తున్నాను. తిట్టుకో. అయ్యవారికి బడి ఉంది, నాకు చేను ఉంది.

పిల్లకు ఏడాది నిండింది. ఎత్తు నా రొమ్ము దాకా. పుట్టినప్పటి నలుపు రాలి లోపల నుంచి మీ పలకల రంగు వస్తుంది. మేకలు వట్టిపోయినాయి కానీ వాడు వాటిని వదలడు. అవి గుట్ట ఎక్కితే వాడూ ఎక్కుతాడు. మధ్యాహ్నం అవి నెమరు వేస్తుంటే పక్కన నిలబడి ఊరికే దవడ ఆడిస్తాడు. పుల్లమ్మ నవ్వలేక చస్తుంది.

తలతాడు వేసినాను. మొదటి నాడు నన్ను చేను చివర దాకా ఈడ్చినాడు. తాడు వదల్లేదు. ఒకసారి వదిలితే తాడు తెంచుకోవచ్చని వాడికి తెలిసిపోతుంది, ఇక జన్మలో నిలవడు. మోకాళ్ళు చెక్కుకుపోయినాయి, నావి. ఇప్పుడు వేలికి తాడు చుట్టుకొని నడిపిస్తే వస్తాడు. రోజూ పొద్దున నాలుగు కాళ్ళూ ఎత్తించి చిన్న రాయితో గిట్టల మీద తడుతున్నాను. ముందే అలవాటైతే మంచిది.

నాకు యాభై ఆరేళ్ళు అంకయ్యా. ఇది పడుచువాళ్ళు చేసే పని.

మామ


మార్కాపురం, 19 ఆగస్టు 1934

మామకు,

యాభై ఆరేళ్ళని ఎవరికి చెప్తున్నావు? ఇక్కడ ఇరవై ఏళ్ళ వాళ్ళకు యాభై ఆరేళ్ళు వచ్చి ఉన్నాయి. నిన్న పక్క గుంతలో గట్టు జారింది. ఎవరూ చావలేదు. ఒకడి చేయి పోయింది. పొద్దున వాడి జాగాలో ఇంకొకడు కూర్చున్నాడు.

ఒక ముఖ్యమైన సంగతి రాస్తున్నాను, అయ్యవారిని నిదానంగా చదవమను. పలకల బండి తోలే నరసింహం గుర్రాల సంగతి తెలిసినవాడు. "మీ మేకోడికి రెండో ఏడు నడుస్తుండాది గదా, ఇప్పుడే కొట్టించాల. ముదిరినాక కొట్టిస్తే పానం మీదికొస్తాది" అన్నాడు. నేను వాడితో తగవు పెట్టుకున్నాను. నీకు కూడా ఊళ్ళో నలుగురూ ఇదే చెప్తారని తెలుసు. వినొద్దు.

దాన్ని కొట్టించొద్దు. నేను బతికి ఉండగా కొట్టించొద్దు. మా నాయన గుర్రం పోయింది, మిగిలింది ఇది ఒక్కటే. దాన్ని పుట్టినది పుట్టినట్టు ఉంచు. చేతికి రాకపోతే నేను వచ్చి చూసుకుంటాను. ఈ ఒక్క మాట దాటినావంటే నీకూ నాకూ చుట్టరికం లేదు.

మిగతావన్నీ నీ ఇష్టం.

అంకయ్య


కొమరోలు దగ్గర, 8 సెప్టెంబరు 1934

అంకయ్యకు,

కొట్టించొద్దన్నావు. కొట్టించను. గుర్రం నీది, మాట నీది. నేను పనిచేసిన పదకొండేళ్ళలో ఇట్ల చెప్పిన ఆసామి లేడు. మనది రాళ్ళ దేశం, ఎన్నాళ్ళు ఆపగలవో నువ్వే ఆలోచించుకో. అంతకు మించి చెప్పను. చెప్తే మళ్ళీ చుట్టరికం తెంచుతావు.

మంచి మాట ఒకటి. గిద్దలూరు అడవి కచేరీకి పోయినాను, పాత పరిచయం. రేంజరుగారికి అడవి తిరగడానికి గుర్రం కావాలి. ఇప్పుడున్నది ముసలిదయ్యింది. మన వాడి సంగతి చెప్పినాను. "మూడేళ్ళు నిండి జీను కిందికి వస్తే తీసుకుంటా. గుర్రాన్ని ఎరిగిన మనిషి కూడా కావాల, ఉత్త గుర్రం నాకొద్దు" అన్నాడు. గుర్రంతో పాటు నీకు సాయిసు పని. కచేరీ వెనక ఒక గది కూడా ఉంది. గాలి బాగా వస్తుంది. నేను లోపలికి పోయి చూసినాను.

నీ దగ్గు ఎట్లుందో రాయి. నువ్వు రాయలేదు. బండివాడు చెప్పినాడు.

మామ


మార్కాపురం, 27 మే 1935

మామకు,

దగ్గు ఉంది. ఇక్కడ దగ్గని వాడు ఎవడు? ఆ మాట అడగొద్దు.

నీ కార్డులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎనిమిది నెలల్లో రెండే రెండు. రెండింటిలోనూ "అందరం బాగున్నాము, వాడు బాగున్నాడు". బాగున్నాడంటే ఏంది? కళ్ళెం నోట్లో పెట్టనిస్తున్నాడా? వీపు మీద చేయి బరువు వేస్తే నిలుస్తున్నాడా? రైలు కూత వింటే ఏమి చేస్తున్నాడు? రేంజరు మాట మీద ఉన్నాడా? నువ్వు గుర్రాన్ని పెంచుతున్నావు, నేను ఆ కార్డుల మీద బతుకుతున్నాను. తెలుసుకో.

ఎండలు. గుంతలో గాలి లేదు. రాయి వేడెక్కి ఉలి పట్టుకోలేము. మధ్యాహ్నం రెండు గంటలు ఆపమని అడిగినందుకు మేస్త్రీ ఒక వారం నన్ను నీళ్ళు తోడే పనిలో వేసినాడు. తోడినాను. గది అన్నావే, గాలి వచ్చే గది, దాని తలుపు ఏ దిక్కుకు ఉందో రాయించలేదు.

అంకయ్య


కొమరోలు దగ్గర, 17 నవంబరు 1935

అంకయ్యకు,

ఈసారి కవరు కొనుక్కొచ్చినాను. నీ బాధ పడలేక.

తలుపు తూర్పుకు ఉంది.

కళ్ళెం పడింది. ఇనప ముక్కకు బెల్లం పూసి నోట్లో పెట్టినాను, పది రోజులు బెల్లం నాకినాడు, పదకొండో రోజు బెల్లం లేకుండా పట్టుకున్నాడు. పట్టుకొని నా వైపు చూసినాడు, మోసం చేసినావే అన్నట్టు. వీపు మీద మొదట ఉత్త గోనె. తర్వాత గోనెలో ఇసుక, రోజుకు దోసెడు పెంచుకుంటూ. ఇప్పుడు మనిషి బరువు మోస్తున్నాడు. సగిలేటి ఇసుకలో పొడుగు తాడు కట్టి గుండ్రంగా తిప్పుతున్నాను. లోతు ఇసుకలో ఎగరాలన్నా ఎగరలేడు, కాళ్ళకు దెబ్బా తగలదు. ఎడమకు బాగా తిరుగుతాడు, కుడికి మొండి. నువ్వు చిన్నప్పుడు అంతే.

గిద్దలూరు స్టేషను బయట మూడు సార్లు నిలబెట్టినాను. మొదటిసారి బండి కూత వేస్తే నా మీదికి వచ్చి తల నా చంకలో దూర్చినాడు. రెండోసారి వణికినాడు. మూడోసారి చెవి తిప్పినాడు, అంతే.

పాత జీను ఒకటి అడిగి తెచ్చినాను. ఎక్కేవాడు కాళ్ళు పెట్టే రికాబులు కట్టి ఊరికే నడిపిస్తున్నాను, అవి డొక్కల మీద కొట్టుకోవడం అలవాటు కావాలి. ఎక్కలేదు ఇంకా. మొదట ఎక్కేది నువ్వు కావాలని ఆపినాను. మొదట ఎక్కినవాడి బరువు గుర్రం జన్మంతా మరిచిపోదు.

కొట్టించలేదు, నీ మాట మీదే ఉన్నాను. ముందర కుడికాలు కొంచెం ఎత్తి వేస్తున్నాడు ఈ మధ్య. మాఘమాసం దాటితే రేంజరుగారి మనిషి వచ్చి చూస్తాడు. ఆ లోపల సెలవు అడిగి రా.

మామ


కొమరోలు దగ్గర, 12 జనవరి 1936

అంకయ్యకు,

నీ మాట దాటినాను. పోయిన వారం గిద్దలూరు తోలుకపోయి సాయెబు చేత కొట్టించినాను. ఇక ఆపితే గుర్రం ఎందుకూ పనికిరాదు. కొట్టేటప్పుడు ఎగిరిపడి గొడవ అయ్యింది. నెత్తురు చాలా పోయింది. మూడు నాళ్ళు లేవలేదు. ఇప్పుడు నెమ్మది. మేత బాగా తింటున్నాడు. కోపం పెట్టుకోవద్దు. తొందరగా రా.

మామ


మార్కాపురం, 20 జనవరి 1936

కొట్టించినావు. ఒక్క మాట అడిగినాను, అదే దాటినావు.

మామా అని రాయను. దగ్గర దగ్గర మూడేళ్ళు ఈ గుంతలో కూర్చొని నేను అడిగింది ఏమిటి? తాడు నీ ఇష్టం, కళ్ళెం నీ ఇష్టం, ఎండకు తిప్పినా వానకు తిప్పినా నీ ఇష్టం. ఆ ఒక్కటి వద్దన్నాను. మగ గుర్రాన్ని పట్టుకొని విత్తులు కొట్టించినావు. ఇక దానికి ముందూ లేదు వెనకా లేదు. మా నాయన గుర్రం గాజులు మోసి మోసి ఎక్కడో పడిపోతుంది, ఇది ఇట్ల ఒంటిగా పోతుంది, అయిపోయింది. ఆ మాట కార్డు మీద, నలుగురు చదివే కార్డు మీద, "మేత బాగా తింటున్నాడు" అని రాయించినావు. నెత్తురు పోయి మూడు నాళ్ళు లేవని జీవం పక్కన నిలబడి మేత లెక్క చూసుకున్నావు.

నరసింహం నా ముందు చెప్పనే చెప్పినాడు, ముదిరినాక కొట్టిస్తే ప్రాణం మీదికి వస్తుందని. నీకు తెలియదా? తెలుసు. తాసీల్దార్ల దగ్గర చేసినవాడివి. సాధు గుర్రమైతే రేంజరు తొందరగా తీసుకుంటాడని చేసినావు.

నీ గుర్రం నువ్వే ఉంచుకో. ఎవరికి ఇస్తావో ఇచ్చుకో, ఎవరిని ఎక్కిస్తావో ఎక్కించుకో. తూర్పు తలుపు గది కూడా వాళ్ళకే ఇవ్వు. మేస్త్రీ గురవయ్య కొత్త అగ్రిమెంటు కాగితం తెచ్చినాడు, ఇంకో రెండేళ్ళకు. నిన్న సంతకం పెట్టినాను. అందరూ వేలు అద్దినారు, నేను ఒక్కణ్ణే చేవ్రాలు చేసినాను. చదువుకున్నందుకు అంత మాత్రం ఉపయోగం కలిగింది.

జవాబు రాయించవద్దు.

అంకయ్య


కొమరోలు దగ్గర, 15 ఫిబ్రవరి 1936

అంకయ్యకు,

జవాబు వద్దన్నావు, అందుకే ఇన్నాళ్ళు ఆగినాను. అయ్యవారు నీ జాబు చదివి నవ్వబోయి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

విత్తుల మాట ఎక్కడిది? కొట్టించింది లాడాలు. గిద్దలూరు సాయెబు లాడాలు కొట్టేవాడు, ఇంకో పని ఆయనకు రాదు. నువ్వు కొట్టించొద్దు అని రాసినప్పుడు లాడాలు వద్దంటున్నావనే అనుకున్నాను. గిట్టకు మేకు దిగడం చూడలేని మనిషివి, చిన్నప్పుడు మీ నాయన గుర్రానికి కొడుతుంటే ఏడ్చి జ్వరం తెచ్చుకున్నావు. దానికే ఇదీ అనుకున్నాను. ఆ రెండో పని చేయాలని నాకు తోచనే లేదు. వాడు పుట్టినది పుట్టినట్టే ఉన్నాడు.

లాడం లేకుండా ఏడాదిన్నర తిప్పినాను. గిట్టలు అరిగి పలచబడినాయి. కుడికాలు కుంటు వచ్చింది. ఇక తప్పక కొట్టించినాను.

నువ్వు గుర్రాన్ని నాకు వదిలినావు. ఎవరికైనా ఇచ్చుకో అన్నావు. నేను చదువు రానివాణ్ణి, కాగితం మీద రాసిన మాటను మాటే అనుకుంటాను. రేంజరుగారికి మాట ఇచ్చినాను. మార్చి రెండో తేదీ, సోమవారం, ఆయన మనిషి వచ్చి తోలుకపోతాడు. వాళ్ళ మనిషినే సాయిసుగా పెట్టుకుంటారు. నీకు అగ్రిమెంటు ఉంది కదా.

నేను అలిసిపోయినాను నాయనా. ఇంతకన్నా ఏమీ లేదు.

మామ

ఇది నిత్యానందం స్వంతంగా రాయునది. మీ మామకు చదివి వినిపించలేదు. జనవరి కార్డులో తప్పు నాది. ఆయన చెప్పినది, "నాకు నెత్తురు చానా పోయింది, నేను మూడు నాళ్ళు లేవలేదు" అని. కార్డులో స్థలము చాలక "నాకు", "నేను" తీసివేసితిని. లాడము కొట్టునప్పుడు గిట్ట పలుచనై మేకు కండలో దిగినది. గుర్రము లేచినది. ఆయన తాడు వదలలేదు. కిందపడగా డొక్క మీద కాలు పడి చర్మము చీలినది. రెండు ప్రక్కటెముకలు విరిగినవని ఆసుపత్రిలో కట్లు కట్టు డ్రెస్సరు చెప్పెను. ఇప్పటికిని నిండుగా ఊపిరి తీయలేడు. ఇంకొకటి. రేంజరుగారి మనిషి గుర్రములను కొట్టి ఎక్కునని ఇక్కడ చెప్పుకొనుచున్నారు. అందుచేత ఆ మనిషి రాకమునుపే, ఇరువది ఎనిమిదవ తేదీ శుక్రవారము, తానే మొదట ఎక్కి గుర్రమునకు మనిషి బరువు నేర్పి పంపెదనని మీ మామ పట్టు పట్టియున్నాడు. పుల్లమ్మగారు ఏడ్చినను వినుట లేదు.


మార్కాపురం, 19 ఫిబ్రవరి 1936

నువ్వు ఎక్కొద్దు.

క్షేమాలు తర్వాత. ఈ జాబు అయ్యవారు బడి వదిలిపెట్టి వెంటనే చదవాలి, అత్త కూడా వినాలి, నువ్వు ఎక్కొద్దు. విరిగిన ఎముకలతో గుర్రం ఎక్కితే అది నిన్ను పడేయనక్కరలేదు, నాలుగు అడుగులు దుడుకుగా వేస్తే చాలు, ఎముక లోపల దిగుతుంది. ఇక్కడ గట్టు కింద పడి పక్కటెముకలు విరిగినవాళ్ళను చూసినాను. పదో రోజు లేచి తిరిగినారు, ఇరవయ్యో రోజు నెత్తురు కక్కినారు.

ఇప్పుడు నా తప్పు రాస్తాను. కొట్టించొద్దు అని రాసింది నేను. ఏమి కొట్టించొద్దో రాయలేదు. విత్తులు అని రాయడానికి సిగ్గుపడినాను, అయ్యవారు చదువుతాడని. కోడెదూడల విత్తులు కొట్టించే ఊళ్ళో పెరిగినవాణ్ణి, కొట్టించడం అంటే నాకు ఒకటే అర్థం. గుర్రాల దగ్గర బతికినవాడివి, నీకు ఇంకొకటి. నువ్వు రాళ్ళ దేశం అని రాయించినావు, నేను నీ గొణుగుడు అనుకున్నాను. కుడికాలు ఎత్తి వేస్తున్నాడని రాయించినావు, నేను ఆ ముక్క చదివి జీను ముక్క దగ్గరకు పరిగెత్తినాను. ఏడాదిన్నర నా ఒక్క మాటకు అది వట్టి గిట్టలతో నడిచింది, నువ్వు దాని వెనక నడిచినావు, చివరికి నీ డొక్క విరిగింది. లాడం వేళకు పడి ఉంటే మేకు కండలోకి దిగేది కాదు. ఇది సుబ్బులుకు చెప్పినాను. ఆ పిల్ల ఈసారి నవ్వలేదు. "నీకు అచ్చరాలు వచ్చినాయి గానీ అంకన్నా, రాయడం రాలేదు" అంది.

ఆ మాట కూడా నీకు రాస్తున్నాను. నిజమే కాబట్టి.

కానీ నీ మీద నా కోపం పోయిందనుకోవద్దు. ఎముకలు విరిగితే చెప్పవా? మూడు నాళ్ళు లేవలేదని కార్డు, ఎందుకు లేవలేదో మాత్రం అయ్యవారు దొంగచాటుగా రాయాలా? తల్లిని ఇచ్చినప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్పలేదు. నన్ను ఊరికి రమ్మనడానికి "తొందరగా రా" అని రెండు ముక్కలు రాయిస్తే నాకు ఏమి తెలుస్తుంది? అలిసిపోయినాను అన్నావు. నేనూ అలిసిపోయినాను. ఇద్దరం అలిసిపోయి ఒకరికొకరు సగం మాటలు రాసుకుంటున్నాము.

మేస్త్రీ గురవయ్యను అడిగినాను. కాగితం చూపించినాడు, నా చేవ్రాలు చూపించినాడు. "వేలు అద్దినోడైతే తెలియక అద్దినా అంటాడు. నువ్వు సదువుకున్నోడివి. ఏమంటావు?" అన్నాడు. చేవ్రాలు నాదే అన్నాను. మంచిగా అడిగితే నెలాఖరుకు నాలుగు రోజులు సెలవు ఇస్తానన్నాడు. ఇరవై తొమ్మిది సాయంత్రం బయలుదేరి ఆదివారం పొద్దుటికి నీ దగ్గర ఉంటాను. సోమవారం రేంజరు మనిషి వచ్చేటప్పటికి గుర్రం మీద నేను ఉంటాను. వాడు చూడాల్సింది అదే. అగ్రిమెంటు సంగతి రేంజరుగారితో నేనే మాట్లాడతాను, కాళ్ళు పట్టుకోవాల్సి వస్తే పట్టుకుంటాను. ఆయన కాదంటే గుర్రాన్ని మళ్ళీ దొడ్లో కట్టు, అంతేగాని కొట్టి ఎక్కేవాడి చేతికి తాడు ఇవ్వొద్దు. గుర్రం నీకు వదిలినానని రాసిన మాట చెల్లదు. కోపంలో రాసినాను. కాగితం మీద ఉన్నా చెల్లదు.

ఇక్కడ శివరాత్రికి కొండ మీది గుడికని దోర్నాల దారి పట్టిన జనం పొద్దుటి నుంచి నడుస్తూనే ఉన్నారు. ఒక ముసలాయన గని గట్టు మీద కూర్చొని నీళ్ళు అడిగినాడు. నీ వయసే ఉంటుంది. కూర్చున్నవాడు లేవడానికి రెండు చేతులూ నేలకు ఆనించినాడు. నేను పోయి లేపలేదు. గుంతలో ఉన్నాను.

ఇక నేను అడిగేది ఒకటి. వచ్చే బుధవారం, ఇరవై ఆరో తేదీ సాయంత్రం టపాలోగా నీ కార్డు నా చేతికి రావాలి. గుర్రం ఎట్లుందో రాయించనక్కరలేదు. చేను సంగతి వద్దు. స్థలం చాలకపోతే అయ్యవారిని నా పేరు కూడా తీసేయమను. "ఎక్కలేదు" అని రాయిస్తే ఒప్పుకోను, ఆ మాటకు తల లేదు, ఎవరు ఎక్కలేదో తెలియదు. "నేను ఎక్కలేదు, నేను ఎక్కను" అని రాయించు, కింద వేలు అద్దు. "నేను" లేని కార్డు వచ్చినా, అసలు కార్డు రాకపోయినా, సెలవు చూడను, అగ్రిమెంటు చూడను. గురువారం పొద్దుటి బండి ఎక్కుతాను.

అంకయ్య